మేస్త్రీ చూపుడు వేలు

మేస్త్రీ చనిపోయాడని ఫోను వచ్చినప్పుడు నా చేతిలో స్ప్రే గన్ను ఉంది. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ముందు పంపు ఆపాను. ఒత్తిడి దించే మర తిప్పి, గన్ను మూతిని బకెట్లోకి వంచి, గొట్టంలో మిగిలిన ఒత్తిడంతా పోయేదాకా ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నాను. ట్రిగ్గర్ కదలకుండా గడియ వేశాను. మాస్కు తీసి, చేతి తొడుగులు తీసి చూసేసరికి ఫోను ఆగిపోయింది. నేనే తిరిగి చేశాను. అవతల ఆయన చిన్న కూతురు.

"అన్నా, నాన్న పోయినాడు. పొద్దున కాఫీ తాగి ఆడనే కుర్చీలో కూర్చున్నాడు. పిలిస్తే పలకలా" అంది.

వస్తున్నానని చెప్పాను. కానీ వెంటనే వెళ్ళలేదు. గట్టిపడే మందు కలిపేసిన రంగు సగం డబ్బా ఉంది. ఇంకో గంట ఆగితే అది రాయి అయిపోతుంది, దాంతోపాటు గొట్టమూ పంపూ పాడవుతాయి. కాబట్టి ఆ కంటైనర్ పక్కగోడ పూర్తి చేసి, గన్ను కడిగి, థిన్నర్ గుడ్డలన్నీ మూత ఉన్న రేకు డబ్బాలో వేసి, అప్పుడు బయలుదేరాను. ఎన్నూరు రోడ్డు మీద లారీలు ఎప్పటిలాగే ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా బరువుగా ఉంది, అంతే.

ఆయనకు నేను చెప్పని మాట ఒకటుంది. పదకొండేళ్ళు చెప్పలేదు. ఆయన గురించి రాయడానికి కూర్చుంటే మొదట అదే అడ్డం వస్తోంది. దాని దగ్గరికి వస్తాను.

నేను ఆయన దగ్గర చేరినప్పుడు మా షెడ్డు తొండియార్‌పేటలో ఉండేది. లారీలకు, ట్యాంకర్లకు రంగు వేసేవాళ్ళం. నా పని ఉప్పుకాగితంతో పాత రంగు, తుప్పు రుద్దడం. ఆయన మనిషి పొట్టి. లుంగీ, బొత్తాలు లేని అర చేతుల చొక్కా. కనురెప్పల వెంట్రుకల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు పొడి ఉండేది. పొద్దున షెడ్డులోకి రాగానే ఎవరినీ పలకరించేవాడు కాదు. నేరుగా కంప్రెసర్ దగ్గరికి పోయి, దాని అడుగున ఉన్న కుళాయి విప్పి, గాలి ట్యాంకులో చేరిన నీళ్ళు బుస్సుమని పోతుంటే చెవి పెట్టి వినేవాడు.

"నిండా తాగి పడుకోనుండాది. పోసుకోనీ" అనేవాడు. ఆ నీళ్ళు గాలితోపాటు గన్నులోకి వస్తే రంగు మీద పొక్కులు లేస్తాయి. ఇది నాకు ఏడాది తర్వాత అర్థమైంది. ఆయన కారణాలు చెప్పేవాడు కాదు. తిట్టేవాడు, లేకపోతే ఎగతాళి చేసేవాడు. కారణం మనమే వెతుక్కోవాలి.

రంగు వడకట్టడానికి ఇంటి నుంచి పాత వాయిల్ చీర ముక్కలు తెచ్చేవాడు. ఒక్క నలుసు ఉన్నా గన్ను మూతి పట్టేస్తుంది. "మా ఇంటిదాని చీర లేనిదే ఈ రోడ్డులో ఏ లారీ పెళ్ళికూతురు కాదు" అని నవ్వేవాడు. థిన్నర్ కలిపాక కర్ర ముంచి పైకెత్తి, కారే తీగను కళ్ళు చిట్లించి చూసేవాడు. తీగ తెగి చుక్కలుగా మారే క్షణం ఆయనకు తెలుసు. చిక్కదనం కొలిచే గిన్నె ఒకటి షెడ్డులో ఉండేది. దాంట్లో బీడీలు పెట్టుకునేవాడు. అయితే రంగు దగ్గర మాత్రం వెలిగించేవాడు కాదు, ఎవరినీ వెలిగించనిచ్చేవాడు కాదు. రోడ్డు దాటి, అవతలి గోడ పక్కన నిలబడి కాల్చి వచ్చేవాడు.

గన్నుకూ రేకుకూ మధ్య జానెడు దూరం ఉండాలి. ఎడమచెయ్యి చాపి, బొటనవేలు రేకుకు, చిటికెనవేలు గన్ను మూతికి ఆనించి చూపించేవాడు. మేము తప్పు చేస్తే అరుపు.

"మణికట్టు ఆడించొద్దు రా! దోసె తిప్పేదానికి వచ్చినావా? చెయ్యి మొత్తం పోవాల, భుజం కాడ నించి."

రంగు ఎలా చిమ్ముతోందో చూడటానికి గోడకు ఒక వార్తాపత్రిక కాగితం అంటించేవాడు. ఆ కాగితం వల్లే నేను ఆయన కంటపడ్డాను. రంగు పడకముందే దాన్ని చదివేయాలని పొద్దున్నే గోడ దగ్గర నిలబడేవాణ్ణి. తమిళ పత్రిక అయినా, తర్వాత తెలుగు నేర్చుకున్నాక తెలుగు పత్రిక అయినా, తేదీ పాతదైనా నాకు ఒకటే. ఆయన గన్ను పట్టుకుని వెనక నిలబడేవాడు.

"ఏంరా బుక్కూ, అయిందా? మంత్రి ఏమన్నాడు?"

"ఇంకా రెండు వరసలుండాయి మేస్త్రీ."

"తొందరగా చదువు పా. మంత్రికి పచ్చ రంగు కొట్టాల."

నా పేరు అప్పటి నుంచి బుక్కు. నేను తమిళ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అప్పటికి అక్షరం ఒక్కటీ రాదు. ఇరవై అయిదేళ్ళు దాటాక, తొండియార్‌పేట శాఖా గ్రంథాలయంలో ఒక మూల అర మీద దుమ్ము పట్టి ఉన్న తెలుగు పుస్తకాలు చూశాను. అక్కడే పిల్లల వాచకం ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దాను. ఆ అరలో ఉన్నవన్నీ రెండేళ్ళలో అయిపోయాయి. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నేను నేర్చుకున్నదంతా ఆ గదిలో, ఆ తిరగని ఫ్యాను కింద నేర్చుకున్నదే.

మేస్త్రీకి ఏ భాషా చదవడం రాదు. ఆదివారం చర్చికి తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళేవాడు, చేతిలో పాటల పుస్తకం. ఒకసారి ఆయన పెద్ద కూతురి పెళ్ళికి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. గొంతెత్తి పాడుతున్నాడు. చేతిలో తెరిచి ఉన్న పేజీలో ఉన్నది వేరే పాట. నేను మెల్లగా సరైన పేజీ తిప్పాను. ఆయన పాట ఆపకుండానే మళ్ళీ పాత పేజీకి తిప్పేశాడు. బయటికి వచ్చాక, "ఏ పేజీ అయితే ఏంరా? పాట నోట్లో ఉండాది గదా" అన్నాడు.

ఇక ఆ వేలు. ఎడమచేతి చూపుడువేలు. రంగు గిన్నె తగిలించిన కప్పు గన్నుతో నాలుగు వరసలు కొట్టగానే దాని మూతి చుట్టూ రంగు చేరుతుంది. ఆయన ట్రిగ్గర్ వదిలి, ఎడమచేతి చూపుడువేలు కొనతో ఆ మూతిని ఒక్కసారి తుడిచి, వేలిని లుంగీకి రాసుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. చూస్తున్నవాళ్ళకు తెలిసేది కూడా కాదు. కన్ను రెప్ప వేసినంత మామూలుగా జరిగిపోయేది. ఆ వేలి గోరు కింద రంగు ఎప్పుడూ పోలేదు. ఆ వేలు చూస్తే ఆ వారం షెడ్డులో ఏ రంగు లారీ ఉందో తెలిసేది.

ఆ తర్వాత లారీల పని తగ్గింది. షెడ్డు మూతపడింది. మేస్త్రీ, నేను, ఇంకో నలుగురు ఎన్నూరు రోడ్డులో ఒక కంటైనర్ యార్డుకు వెళ్ళాం. తుప్పు పట్టిన కంటైనర్లు బాగుచేసి రంగు వేసే చోటు. చెట్టు లేదు, నీడ లేదు. బూడిద గాలి. అక్కడ కప్పు గన్నుతో ఎప్పటికి అవుతుంది? యజమాని కొత్త పంపు తెప్పించాడు. దానికి గాలితో పనిలేదు. రంగునే విపరీతమైన ఒత్తిడితో సన్నని మూతిలోంచి తోసేస్తుంది. మా పాత గన్ను వారం చేసే పని అది ఒక రోజులో చేసేది.

పంపు వచ్చిన పెట్టెలో దాన్ని వాడే విధానం గురించి ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. యజమాని దాన్ని ఊళ్ళో ఆఫీసుకు తీసుకుపోతానంటే మూడు రోజులు గడువు అడిగాను. మూడు మధ్యాహ్నాలు, అన్నం తిన్నాక, కంటైనర్ నీడలో కూర్చుని అందరికీ మన మాటల్లో చదివి చెప్పాను. మేస్త్రీ ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు.

"వింటా ఉండాను, చదువు" అనేవాడు తువ్వాలు కింద నుంచి.

"పంపు ఆపి, ఒత్తిడి దించి, గడియ వేసేదాకా గన్ను మూతి దగ్గర వేలు పెట్టకూడదు" అని చదివాను.

తువ్వాలు కదిలింది. "ఇది ఎవురికి రాసినార్రా? ఎల్‌కేజీ పిల్లకాయలకా?"

"మనకే మేస్త్రీ. దీంట్లో రంగు చర్మం చీల్చుకోని లోపలికి పోతుందంట. తొడుగు ఏసుకున్నా ఆగదంట."

"ముప్పై ఏళ్ళుగా నా వేలు ఈ పని చేస్తా ఉండాది. దానికి తెలియంది ఆ పుస్తకం రాసినోడికి తెలుసునా? వాడు ఒక లారీకన్నా రంగు కొట్టినాడా, అడుగు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అదే పెట్టెలో ఒక చిన్న ప్లాస్టిక్ అట్ట కూడా ఉంది. అరచేతిలో సగం ఉంటుంది. ఒకవైపు, రంగు చర్మంలోకి దూరితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళి ఈ కార్డు డాక్టరుకు చూపించండి అని ఉంది. రెండోవైపు డాక్టరు కోసం రాసింది: గాయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది, మామూలు గాయంలా చూడకండి, వెంటనే తెరిచి శుభ్రం చేయాలి అని. పంపు పిడికి వేలాడదీయడానికి మూలన చిల్లు ఉంది. ఆ రోజు దారం దొరకలేదు. రేపు కడదామని జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుతూ, ఆపిన పేజీలో గుర్తుగా ఆ కార్డు పెట్టాను. సూర్యుడి గురించిన పుస్తకం అది. అంత నున్నని, ముడత పడని గుర్తుకార్డు నాకు అంతకుముందు దొరకలేదు. రెండు వారాలు అది అందులోనే తిరిగింది. ఒక గురువారం సాయంత్రం గడువు అయిపోతోందని ఆ పుస్తకం తిరిగి ఇచ్చేశాను. కార్డు మాట గుర్తే లేదు.

మర్నాడు, శుక్రవారం, పొద్దున పదిన్నరకు మేస్త్రీ కంటైనర్ తలుపు మీద రంగు కొడుతున్నాడు. గన్ను మూతికి పసుపు రంగు కాపు ఒకటి ఉంటుంది, వేళ్ళు దగ్గరికి పోకుండా. దానికి రంగు చేరి బొట్లు పడుతున్నాయని ఆయన దాన్ని మొదటి వారమే పీకేశాడు. మూతి పట్టేసినట్టుంది. ట్రిగ్గర్ వదిలాననే అనుకున్నాడు. ఎడమచేతి చూపుడువేలు దానంతట అదే పోయి మూతిని తుడిచింది.

"ఆ" అన్నాడు. అంతే.

దగ్గరికి పోయి చూశాను. వేలి కొన మీద చిన్న చుక్క. రక్తం లేదు. కంటైనర్ నీలం, ఆ చుక్కా నీలం.

"చీమ కుట్టినట్టుండాది" అని వేలు విదిలించాడు.

"మేస్త్రీ, ఆస్పత్రికి పోవాల. ఇప్పుడే."

"సుమ్మా ఉండరా. నెత్తురు కూడా రాలా."

"చదివి చెప్పినా గదా..."

"చదివినావు లే. పోయి ఉప్పుకాగితం చూసుకో."

మళ్ళీ గన్ను ఎత్తాడు. నేను వెళ్ళి పంపు ఆపేశాను. ఆయన మెషిన్ను నేను ఆపడం అదే మొదటిసారి. అమ్మా ఆలీ కలిపి తిట్టాడు. సూపర్‌వైజర్ వచ్చి గొడవెందుకని, రోడ్డు మీద ఉన్న చిన్న క్లినిక్‌కి పంపించాడు. అక్కడి డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి చూసి, ధనుర్వాతం సూది వేసి మాత్రలు రాశాడు. నేను చెప్పబోతే, "వాపు వస్తే రండి" అన్నాడు. బయటికి రాగానే మేస్త్రీ ముఖంలో గెలుపు.

"చూసినావా? నీకన్నా శానా చదివినోడు చెప్పినాడు."

అప్పుడు గుర్తొచ్చింది కార్డు. ఎక్కడుందో కూడా గుర్తొచ్చింది.  శుక్రవారం గ్రంథాలయానికి వారపు సెలవు. యజమానికి ఫోను చేస్తే ఎత్తలేదు, ఆ ఇంగ్లీషు పుస్తకం ఆయన దగ్గరే ఉంది. నా చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఇప్పుడయితే రెండు నిమిషాల్లో తీసి చూపించేవాణ్ణి.

మూడు గంటలకు వేలు వంకాయలా అయింది. అరచెయ్యి పోటు. ఆయన మాట్లాడటం మానేశాడు. అది చూసి నాకు భయం వేసింది, ఆయన తిట్టకుండా ఉన్నాడంటే. ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. ఎమర్జెన్సీలో ఒక కుర్ర డాక్టరు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎప్పుడు నిద్రపోయాడో ఏమో. బల్ల ముందు జనం తోసుకుంటున్నారు.

"లోపలికి రంగు పోయింది సార్. వెంటనే తెరిచి కడగాలంట. డాక్టరుకు చూపించమని కార్డే ఇచ్చారు" అన్నాను.

"ఏదీ కార్డు?"

జేబులో చెయ్యి పెట్టాను. నా దగ్గర ఉన్న కార్డు ఒక్కటే, గ్రంథాలయం సభ్యత్వానిది.

"లైబ్రరీలో ఉంది సార్" అన్నాను.

ఆయన నర్సు వైపు చూశాడు. "అయితే లైబ్రేరియన్ని పిలుచుకుని రా. ఆపరేషన్ ఆయనే చేస్తాడు."

వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. వాచిన చెయ్యి పట్టుకుని నేల చూస్తున్నాడు. వార్డులో చేర్చుకున్నారు. సెలైన్ పెట్టారు, సూదులు వేశారు, పెద్ద డాక్టరు రేపు చూస్తారన్నారు. ఆ కుర్రవాణ్ణి నేను తప్పు పట్టను. రంగు పూసుకున్న బట్టలతో ఎవడో వచ్చి వైద్యం చెబితే ఎవరు వింటారు? కాగితం ఉంటే మాట వేరు. ఆ కాగితం ఉండవలసిన చోట లేకపోవడానికి కారణం నేను.

మేస్త్రీ భార్యకు కబురు పంపి, ఆమె రాగానే గ్రంథాలయానికి పరిగెత్తాను. తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో పక్క టీకొట్టువాడికి తెలియదు. ఆ తలుపు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను.

మర్నాడు పొద్దున తలుపు తెరిచేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. తిరిగొచ్చిన పుస్తకాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. సూర్యుడి పుస్తకం తీశాను. కార్డు నేను పెట్టిన పేజీలోనే ఉంది. ఆస్పత్రికి చేరేసరికి పెద్ద డాక్టరమ్మ వార్డులోకి వస్తోంది. కార్డు ఇచ్చాను. రెండు వైపులా చదివింది. మేస్త్రీ వేలు చూసింది. అది నల్లబడింది.

"ఎన్ని గంటలయింది?"

"నిన్న పదిన్నరకి మేడమ్."

ఆమె వెంటనే ఆపరేషన్ గది సిద్ధం చేయమంది. వేలు, అరచెయ్యి తెరిచి లోపల పాకిన రంగంతా కడిగారు. రెండు రోజుల తర్వాత వేలు తీసేశారు. వరండాలో ఆమె నాతో, "చెయ్యి నిలిచింది. ఈ కార్డు మొదటి రోజే వచ్చి ఉంటే వేలు కూడా నిలిచేదేమో" అంది. ఆ "ఏమో" ఆమెకు చిన్న మాట. నాకు కాదు.

మూడు నెలల తర్వాత మేస్త్రీ యార్డుకు తిరిగొచ్చాడు. అప్పటి నుంచి అదే పాట.

"సూది బొక్క రా! చీమ తల అంత. ఈ బుక్కు గాడు డాక్టరమ్మకి ఏదో అట్టముక్క చూపించినాడు, ఆమె కత్తి తీసింది." కొత్తవాళ్ళు ఎవరొచ్చినా నన్ను చూపించి, "ఇదిగో, నా వేలు కోయించినోడు" అని పరిచయం చేసేవాడు. డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. చెయ్యని తప్పుకు తిట్లు పడుతుంటే, చేసిన తప్పు వెనక్కి జరిగి దాక్కునేది. ఆ నీడ నాకు సుఖంగానే ఉండేది. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. ఆయన ఎగతాళి మొదలుపెట్టేవాడు, నేను ఆగిపోయేవాణ్ణి. కొన్నాళ్ళకు, ఇప్పుడెందుకులే అనిపించింది. ఏళ్ళు అలా పోతాయి.

ఒక్కటి మాత్రం మారింది. ఆయన మళ్ళీ గన్ను పట్టలేదు. రంగు కలిపేవాడు, వడకట్టేవాడు, కొత్త పెయింటర్లకు జానెడు చూపించేవాడు. దానికి ఆ వేలు అక్కర్లేదు. గన్నుకు కూడా అక్కర్లేదు. ట్రిగ్గర్ నొక్కేది కుడిచేతితో. "పట్టు మేస్త్రీ, ఒక్క వరస" అని ఎవరన్నా అంటే ఎడమచెయ్యి ఎత్తి చూపించి, "వేలు లేదు గదరా" అని పక్కకు పోయేవాడు. నా మీద కోపం అనుకున్నాను. నేను గన్ను పట్టుకున్నప్పుడల్లా ఆయన వీపు తిప్పి కూర్చునేవాడు. పసుపు కాపు ఉందో లేదో మాత్రం రోజూ చూసి పోయేవాడు.

సమాధి అయిన మూడో రోజు, చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడికకు ముందే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వీధిలో షామియానా వేస్తున్నారు. లోపల అక్క, మేస్త్రీ భార్య, ఒక్కతే కూర్చుని ఉంది, గోడకు ఆనుకుని. నేను కూర్చోగానే అడిగింది.

"తంబీ, ఒక మాట అడగనా? అబద్ధం చెప్పబాకు."

"అడుగక్కా."

"ఆ వేలు తీసేది తప్పదా? అందురూ అంటారు, సూది బొక్కకి ఎవురన్నా వేలు తీస్తారా అని. ఆయన పోయినాడు. ఇప్పుడన్నా నాకు తెలియాల."

చెప్పాను. కార్డు, దారం, పుస్తకం, శుక్రవారం, తాళం. డాక్టరమ్మ అన్న మాట కూడా. పదకొండేళ్ళు మోసింది అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది. బయట ఎవరో ఇనప కడ్డీ నేలకు దించుతున్నారు.

"ఆయనికి తెలుసునా ఇది?"

"తెలీదక్కా. చెప్పలా."

అక్క వేలికి చుట్టుకున్న కొంగు విప్పింది.

"బయట నిన్ను తిట్టేది తమాషాకి రా. ఇంట్లో తిట్టుకునేది వేరే. 'వాడు చదివి చెప్పినాడే, మూడు దినాలు కూర్చోని చదివి చెప్పినాడే. నేను నవ్వినా. నాకు తెలియందా అనుకున్నా. ఇంక గన్ను పట్టుకునే మొకం ఏది నాకు' అనేవాడు. అన్నం కాడ అనేవాడు, చర్చి నించి వచ్చేటప్పుడు అనేవాడు. వేలు పోయింది నా కొవ్వుకే అనుకున్నాడు రా. మొత్తం తన తప్పే అనుకోని పోయినాడు."

బయట షామియానా గుడ్డ లాగి కడుతున్నారు.

"నువ్వు చెప్పుంటే సగమన్నా నీ మీద ఏసి, మళ్ళీ గన్ను పట్టుండును" అంది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

అప్పుడే చర్చి ఆడవాళ్ళు నలుగురు లోపలికి వచ్చారు. ఆమె ముఖం తుడుచుకుని లేచింది. వాళ్ళలో ఒకామె నన్ను చూసి ఎవరని అడిగింది.

"ఈడు ఆయన కాడ పని నేర్చుకున్నోడు" అంది అక్క. కాస్త ఆగి, "ఆయన చెయ్యి నిలబెట్టినోడు ఈడే" అంది.

నా వైపు చూడలేదు. ఆ ఆడవాళ్ళు నాకు నమస్కారం పెట్టారు. ఒకామె కుర్చీ జరిపి కూర్చోమంది. కూర్చున్నాను.